ఈ కనెక్షన్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్ముకున్న రైతు చేతికి చివరికి వచ్చే కాగితం తక్‌పట్టీ. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, ఏ రేటు, ఖర్చులు పోను చేతికి ఎంత, అన్నీ దాని మీదే ఉంటాయి. కొన్నేళ్ల కింద అడ్తి షాపుల కోసం మేము రాసిన జావా ప్రోగ్రాం నుంచి ఒక వింత తక్‌పట్టీ వచ్చింది. రైతు దించింది 46 బస్తాలు, కాగితం మీద 19. ఆయన ఊరుకుంటాడా? కాంటా వేసిన హమాలీలనే తీసుకొచ్చి షాపులో నిలబెట్టాడు. గుమస్తా నాకు ఫోన్ చేసి, "సార్, మీ కంప్యూటర్ 27 బస్తాలు మింగింది, కక్కించుండ్రి" అన్నాడు. లాగ్ ఫైల్ తెరిచి చూస్తే ఒక్క ఎర్రర్ లేదు.

ఆ ప్రోగ్రాంలో డేటాబేస్ కనెక్షన్, అంటే డేటాబేస్‌తో మాట్లాడే లైను, ఒక స్టాటిక్ వేరియబుల్‌లో (ప్రోగ్రాం మొత్తానికీ ఒక్కటే ఉండే చోట) ఉండేది. సర్వర్ స్టార్ట్ అయ్యేటప్పుడు ఒకసారి తెరుస్తాం, ఇక రోజంతా అందరూ దాన్నే వాడుకుంటారు. రాసింది నేనే, ఎవరినీ అనడానికి లేదు. అప్పట్లో నా లెక్క నాకుంది. కనెక్షన్ తెరవడం ఖరీదైన పని. నెట్‌వర్క్ కలవాలి, పాస్‌వర్డ్ సరిచూడాలి, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ అయితే ప్రతి కనెక్షన్‌కూ ఆపరేటింగ్ సిస్టంలో ఒక కొత్త ప్రాసెస్ పుట్టాలి. క్లిక్కుకోసారి ఈ తతంగమంతా ఎందుకు, ఒకటి తెరిచి పెట్టుకుంటే పోలా అనుకున్నాను. హన్మకొండలో నా గదిలో ఒక్కడినే కూర్చుని టెస్ట్ చేసినన్నాళ్లూ బ్రహ్మాండంగా నడిచింది.

మార్కెట్‌లో ఒక్కరే కూర్చోరు కదా. వెబ్ సర్వర్‌లో ఒక్కో రిక్వెస్ట్‌ను ఒక్కో థ్రెడ్, అంటే ప్రోగ్రాంలో విడిగా సాగే ఒక పని వరుస, నడుపుతుంది. ఆ రోజు మొదటి షాపు థ్రెడ్ ఆటోకమిట్ (ప్రతి వరుసనూ అప్పటికప్పుడే ఖాయం చేసే పద్ధతి) ఆపేసి, 46 బస్తాల తూకాలను ఒకటొకటిగా టేబుల్‌లోకి ఎక్కిస్తోంది. 27 ఎక్కాయి. సరిగ్గా అప్పుడే రెండో షాపు గుమస్తా రేటు గడిలో అంకెకు బదులు ఏదో అక్షరం కొట్టాడు. మా వాలిడేషన్ దాన్ని పట్టుకుని బుద్ధిగా రోల్‌బ్యాక్ (ఇంకా ఖాయం కాని రాతలన్నీ రద్దు) పిలిచింది. రెండో షాపులో రద్దు చేయడానికి అసలేమీ లేదు, కానీ కనెక్షన్ ఇద్దరిదీ ఒకటే. మొదటి షాపువి 27 వరుసలూ గాల్లో కలిసిపోయాయి. ఆ సంగతి తెలియని మొదటి థ్రెడ్ మిగతా 19 ఎక్కించి, కమిట్ కొట్టి (రాసింది ఖాయం చేసి), "సేవ్ అయింది" అని చూపించింది. లాట్ ఎంట్రీ గేటు దగ్గరే సేవ్ అయి ఉంది కాబట్టి ఫారిన్ కీ (తూకానికి దాని లాట్ ఉండి తీరాలనే డేటాబేస్ నియమం) కూడా అడ్డు చెప్పలేదు.

డేటాబేస్‌కు మన థ్రెడ్లు కనిపించవు, మన యూజర్లూ కనిపించరు. దానికి తెలిసింది కనెక్షన్ ఒక్కటే, ట్రాన్సాక్షన్ (కలిపి ఖాయమయ్యే, లేదా కలిపి రద్దయ్యే రాతల గుంపు) ముడిపడి ఉండేదీ దానికే. అటు చివర ఎవరు కూర్చుని మాట్లాడుతున్నా దానికి అది ఒకే మనిషి గొంతు. ఒకే కాంటా మీద ఇద్దరు రైతుల బస్తాలు పెట్టించామనుకోండి. ఒకాయన "దించేయ్" అంటే హమాలీ ఎవరి బస్తాలని దించాలి? మొత్తం దించేస్తాడు.

నాకు మొదట తట్టిన మందు సింక్రొనైజ్డ్, అంటే ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి రానిచ్చే జావా తాళం. జావా నేర్చుకున్న ప్రతివాడికీ మొదట తట్టేది అదే. క్వెరీ (డేటాబేస్‌కు ఇచ్చే ఒక్కో ఆదేశం) పంపే మెథడ్‌కు ఆ మాట తగిలించాను. లాభం లేకపోయింది. ఎందుకంటే తాళం ఒక్కో క్వెరీకి పడుతోంది, ట్రాన్సాక్షన్ మాత్రం 46 క్వెరీల పొడవునా సాగుతోంది. రెండు క్వెరీల మధ్య సందులో ఇంకో థ్రెడ్ దూరడానికి అడ్డేమీ లేదు. కొన్ని డ్రైవర్లు (జావాను డేటాబేస్‌తో కలిపే కోడ్) లోపల్లోపల తాళాలు వేసుకుని, రెండు థ్రెడ్ల మాటలు వైరు మీద కలిసిపోకుండా చూస్తాయి. అది చూసి "మా డ్రైవర్ థ్రెడ్ సేఫ్" అని నిశ్చింతగా ఉండేవాళ్లున్నారు. వైరు భద్రంగా ఉన్నా ట్రాన్సాక్షన్ ఒకటే అయినప్పుడు ఒరిగేదేం లేదు. సరే, తాళాన్ని సేవ్ చేసే పని మొత్తానికీ వేద్దామా? అప్పుడు లెక్క తప్పదు. కాకపోతే ఒక షాపు సేవ్ నొక్కితే మిగతా షాపులన్నీ చేతులు కట్టుకుని చూస్తూ కూర్చోవాలి. యార్డు మొత్తానికి ఒకటే కాంటా.

దారి మరోటి ఉంది. ఒక పనికి ఒక కనెక్షన్. ఆ పని నడిపే థ్రెడ్ దాన్ని తీసుకుంటుంది, పని ముగించి తిరిగి ఇస్తుంది, మధ్యలో ఎవరికీ చూపించదు. పంచుకునేదే లేనప్పుడు తాళాలతో పనేముంది? అయితే తెరిచే ఖర్చు మళ్లీ ముందుకొస్తుంది. దానికోసమే పూల్. ముందే కొన్ని కనెక్షన్లు తెరిచి పెట్టుకుని, అడిగినవాళ్లకు అద్దెకిచ్చి, తిరిగి తీసుకుంటుంది. జావా వెబ్ ప్రోగ్రాంలకు వాడే స్ప్రింగ్ బూట్‌లో 2018లో వచ్చిన 2.0 నుంచి మామూలుగా దొరికే పూల్ హికారీసీపీ. హికారీ అంటే జపనీస్‌లో వెలుగు అట.

పూల్ నుంచి తీసుకున్న కనెక్షన్‌ను మనం క్లోజ్ చేస్తే అది నిజంగా మూసుకుపోదు, పూల్‌లోకి తిరిగి వెళ్తుంది. పేరు క్లోజ్, పని వాపస్. ఈ చిన్న తిరకాసు తెలియక "క్లోజ్ చేస్తే మళ్లీ తెరవాల్సి వస్తుంది కదా" అని క్లోజ్ చేయడం మానేసినవాళ్లను ఇద్దరిని చూశాను. తిరిగొచ్చిన కనెక్షన్ మీద కమిట్ కాని పని ఏదైనా మిగిలితే హికారీ రోల్‌బ్యాక్ చేస్తుంది, ఆటోకమిట్ లాంటి సెట్టింగులను మొదటి స్థితికి తెస్తుంది. కానీ డేటాబేస్ సెషన్‌లో మనం చేత్తో పెట్టిన టెంపరరీ టేబుళ్లు వగైరా అలాగే ఉండిపోతాయి. తర్వాత వచ్చేవాడికి అవి ఎదురవుతాయి. క్లోజ్ మరిచిపోయే బాధకు మాత్రం 2011లో జావా 7తోనే ట్రై విత్ రిసోర్సెస్ అనే రాత పద్ధతి వచ్చింది. మధ్యలో ఎక్సెప్షన్ వచ్చినా క్లోజ్ దానంతటదే జరుగుతుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఫైనల్లీ బ్లాకులో చేత్తో క్లోజ్ రాస్తున్నారంటే అది పాత కోడ్‌నుంచి కాపీ కొట్టిన అలవాటే.

పూల్ పెట్టాక రెండేళ్లు ప్రశాంతంగా గడిచాయి. అప్పుడొచ్చింది ఒక మార్చి సోమవారం. మిర్చి సీజన్, శని ఆదివారాలు సెలవు, సోమవారం తెల్లారేసరికి యార్డు బయటిదాకా బండ్లు. పదకొండు గంటలకు పరకాల నుంచి వచ్చిపోయే మా జూనియర్ టెన్షన్‌గా లేచి వచ్చాడు. "అన్నా, సర్వర్ నడుస్తనే ఉన్నది, సీపీయూ 10 శాతం గూడ లేదు. పేజీలు మాత్రం తెరుచుకుంటలేవు." లాగ్ నిండా ఒకటే వాక్యం: కనెక్షన్ దొరకలేదు, 30000 మిల్లీసెకన్లు చూసి వదిలేశాం. అంటే 30 సెకన్లు. హికారీకి వేరే చెప్పకపోతే అది ఆగే గడువు అదే. పూల్‌లో గరిష్ఠంగా ఉంచే కనెక్షన్లు 10. మా వెబ్ సర్వర్ టామ్‌క్యాట్ మామూలుగా 200 థ్రెడ్ల దాకా పెట్టుకుంటుంది. అంటే లోపలికి 200 మందిని రానిచ్చి, 10 కాంటాలు చూపిస్తున్నాం.

"పూల్ 100 చేద్దామానే?" అన్నాడు.

"ఆగు తమ్మీ. ఉన్న పది ఎవరి దగ్గరున్నయో ముందుగాల చూద్దాం."

రెండు చోట్ల చూశాం. ఒకటి, పోస్ట్‌గ్రెస్‌లో ఇప్పుడు ఎవరేం చేస్తున్నారో చూపించే పీజీ స్టాట్ యాక్టివిటీ. ఆ సర్వర్ నుంచి మా అప్లికేషన్‌వి సరిగ్గా 10 వరుసలు, పదింటికీ స్టేటస్ ఒకటే: ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్. ట్రాన్సాక్షన్ తెరిచి ఉంది, డేటాబేస్‌కు పని మాత్రం లేదు. కాంటా మీద బస్తా పెట్టి, మనిషి చాయ్‌కి పోయినట్టు. రెండోది, జావా వైపు జేస్టాక్ అనే పనిముట్టుతో తీసిన థ్రెడ్ డంప్, అంటే ప్రతి థ్రెడ్ ఎక్కడ ఆగి ఉందో చూపే జాబితా. వందకు పైగా థ్రెడ్లు హికారీ గెట్ కనెక్షన్ దగ్గర నిలబడి ఉన్నాయి. డంప్ చూసినప్పుడు కన్ను ముందు ఆ గుంపు మీదే పడుతుంది, కానీ అది క్యూ మాత్రమే. దాన్ని పక్కన పెట్టి మిగిలిన పది థ్రెడ్లు ఎక్కడ ఆగాయో చూడాలి. పదీ ఎస్సెమ్మెస్ గేట్‌వే (మెసేజ్‌లు పంపే బయటి సర్వీసు) నుంచి జవాబు కోసం సాకెట్ మీద కళ్లు పెట్టుకుని ఉన్నాయి.

తూకం సేవ్ కాగానే రైతు ఫోన్‌కు మెసేజ్ వెళ్లాలి. ఆ పంపే లైను ట్రాన్సాక్షనల్ అని రాసి ఉన్న, అంటే ముగిసేదాకా ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచే, మెథడ్ లోపలే ఉంది. మామూలు రోజుల్లో గేట్‌వే చిటికెలో పలికేది, ఆ సోమవారం రెండేసి సెకన్లు తీసుకుంటోంది. ఇక్కడ లెక్క కాస్త నిదానంగా చూడండి. ఒక పనికి కనెక్షన్ 20 మిల్లీసెకన్లు చేతిలో ఉంటే, ఒక్క కనెక్షన్ సెకనుకు 50 పనులు చేస్తుంది. పది కలిసి 500. వరంగల్ మార్కెట్ ఏంటి, నాలుగు మార్కెట్లు కలిసొచ్చినా చాలు. అదే కనెక్షన్ రెండు సెకన్లు చేతిలో ఉంటే పది కలిసి సెకనుకు 5 పనులు. డేటాబేస్ అదే, క్వెరీలు అవే, పూల్ అదే. పట్టుకున్న సమయం వంద రెట్లు పెరిగింది, సామర్థ్యం వందో వంతుకు పడిపోయింది.

మావాడు అన్నట్టు 100 చేసి ఉంటే? సెకనుకు 50 అయ్యేది, ఆ పూటకు గండం గడిచేది, జబ్బు మాత్రం అలాగే ఉండేది. పైగా పోస్ట్‌గ్రెస్‌లో మనం మార్చకపోతే గరిష్ఠ కనెక్షన్లు 100, అందులో 3 సూపర్‌యూజర్ కోసం పక్కన పెట్టి ఉంటాయి. మాకు సర్వర్లు రెండు. రెండూ వందేసి అడిగితే కనెక్షన్లు ఇక ఖాళీ లేవనే కొత్త ఎర్రర్ మొదలయ్యేది. మైసీక్వెల్‌లో ఆ అంకె 151, కథ అదే. సరిపడా తెరిచినా లాభం తక్కువ. అటువైపు ప్రాసెసర్‌కు నాలుగు కోర్లుంటే ఒక్క క్షణంలో నిజంగా నడిచేవి నాలుగే, మిగతావి వంతు కోసం ఒకదాన్నొకటి తోసుకుంటుంటాయి. పోస్ట్‌గ్రెస్ వాళ్లు చెప్పే మోటు లెక్క ఒకటుంది: కోర్ల సంఖ్యను రెండుతో గుణించి, డిస్కుల సంఖ్య కలపాలి. నాలుగు కోర్లు, ఒక డిస్కు అంటే 9. పది అనేది అంత పిసినారి అంకేమీ కాదన్నమాట. పూల్ పెంచడం తప్పని అనను. కాకపోతే పట్టుకున్నది ఎవరో తెలియకుండా పెంచేవాళ్లను నేను నమ్మను.

మేము చేసింది చిన్న మార్పు. పంపాల్సిన మెసేజ్‌ను తూకంతో పాటు, అదే ట్రాన్సాక్షన్‌లో, ఒక టేబుల్‌లో రాసిపెట్టాం. కమిట్ అయ్యాక వేరే పని ఒకటి ఆ టేబుల్ చదివి గేట్‌వేకు పంపుతుంది, అలా పంపేటప్పుడు దాని చేతిలో కనెక్షన్ ఉండదు. తూకం రోల్‌బ్యాక్ అయితే మెసేజ్ కూడా దాంతోపాటే పోతుంది. దీనివల్ల అనుకోకుండా ఇంకో పాత తద్దినం కూడా వదిలింది. అంతకుముందు సేవ్ ఫెయిలైనా రైతుకు మెసేజ్ మాత్రం వెళ్లిపోయేది. హికారీలో లీక్ డిటెక్షన్ గడువు కూడా పెట్టాం. ఒక కనెక్షన్ అంతకంటే ఎక్కువసేపు బయట ఉంటే, దాన్ని తీసుకున్న చోటు కోడ్ లైనుతో సహా లాగ్‌లో పడుతుంది. మనం పెట్టకపోతే ఇది ఆఫ్‌లోనే ఉంటుంది, ఎందుకో నాకు అర్థం కాదు.

చెప్పకుండా కనెక్షన్‌ను పట్టుకునేది ఇంకోటి ఉంది, ఓపెన్ ఇన్ వ్యూ. స్ప్రింగ్ బూట్‌లో మామూలుగా ఆన్‌లో ఉంటుంది. స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక హెచ్చరిక వేస్తుంది, ఎవరూ చదవరు. ఇది ఉన్నప్పుడు మొదటి క్వెరీకి తీసుకున్న కనెక్షన్ పేజీ తయారై రిక్వెస్ట్ ముగిసేదాకా ఆ థ్రెడ్ చేతిలోనే ఉండిపోతుంది. కొత్త ప్రాజెక్టులో నేను మొదటి రోజే ఆపేస్తాను.

పూల్‌లో జరిగే అన్నింటికంటే పాడు జామ్ వేరే. ఒక మెథడ్ ట్రాన్సాక్షన్‌లో ఉండి, లోపల ఆడిట్ రాయడానికి రిక్వైర్స్ న్యూ అని ఇంకో మెథడ్‌ను పిలుస్తుంది. కొత్త ట్రాన్సాక్షన్ అంటే రెండో కనెక్షన్. మొదటిది వదలకుండానే రెండోది కావాలి. పది థ్రెడ్లు ఒకేసారి మొదటి కనెక్షన్ తీసుకుంటే పూల్ ఖాళీ. పదీ రెండోదాని కోసం ఎదురుచూస్తాయి, ఇచ్చేవాడు లేడు. కాజీపేట జంక్షన్‌లో ప్లాట్‌ఫారాలన్నీ నిండి, ప్రతి బండీ పక్క ప్లాట్‌ఫారం ఖాళీ అయితేనే కదులుతానంటే ఎలా ఉంటుందో అలా. ఇది ఎప్పటికీ జామ్ కాకూడదంటే పూల్ ఎంతుండాలో హికారీ వాళ్లు లెక్క చెప్పారు: థ్రెడ్ల సంఖ్యను, ఒక్కో థ్రెడ్‌కు ఒకేసారి కావాల్సిన కనెక్షన్లలో ఒకటి తీసేసిన సంఖ్యతో గుణించి, ఒకటి కలపాలి. 200 థ్రెడ్లకు రెండేసి చొప్పున 201. అంత పూల్ పెట్టే బదులు ఆ రెండో కనెక్షన్ అవసరమే లేకుండా చూసుకోవడం మేలు.

ఇప్పటిదాకా చెప్పింది జేడీబీసీ (జావా నుంచి నేరుగా డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతి) కనెక్షన్ గురించి. దానిపైన జేపీఏ, హైబర్నేట్ (టేబుల్ వరుసలను ఎంటిటీలనే జావా ఆబ్జెక్టులుగా చూపే పైపొరలు) వాడేవాళ్లు "మాకెందుకీ గొడవ, మేము కనెక్షన్ ముట్టుకోం కదా" అంటారు. ముట్టుకోకపోయినా అది ఆ ఎంటిటీలను చూసుకునే ఎంటిటీ మేనేజర్ లోపల ఉంటుంది. మేనేజర్లను తయారుచేసే ఎంటిటీ మేనేజర్ ఫ్యాక్టరీ థ్రెడ్ సేఫ్, తయారవడానికి టైం పడుతుంది, అప్లికేషన్‌కు ఒకటి చాలు. ఎంటిటీ మేనేజర్ థ్రెడ్ సేఫ్ కాదు, చౌక, పనికొకటి. హైబర్నేట్ భాషలో సెషన్ ఫ్యాక్టరీ, సెషన్ అన్నా ఇవే. సెషన్‌లో కనెక్షన్ ఒక్కటే కాదు, అప్పటిదాకా చదివిన ఎంటిటీల చిట్టా కూడా ఉంటుంది. ఆ చిట్టాకు తాళం లేదు.

మరి స్ప్రింగ్‌లో అందరూ వాడే సర్వీస్ క్లాసులో ఎంటిటీ మేనేజర్ ఒక ఫీల్డ్‌గా ఉంటుంది కదా, అది తప్పు కాదా? కాదు. అక్కడ ఉండేది అసలు మేనేజర్ కాదు, దాని వేషంలో ఉన్న ప్రాక్సీ. మీరు పిలిచిన ప్రతిసారీ, ఈ థ్రెడ్‌కు కట్టి ఉన్న మేనేజర్ ఎవరని థ్రెడ్ లోకల్‌లో (ఆ థ్రెడ్ సొంత అరలో) వెతికి, పిలుపును అక్కడికి పంపుతుంది. కాబట్టి ఈ ఏర్పాటంతా ఒక నమ్మకం మీద నిలబడి ఉంది: పని మొదలుపెట్టిన థ్రెడ్డే పని ముగిస్తుంది. పనిని వేరే థ్రెడ్‌కు అప్పజెప్పే అసింక్ అన్నా, కంప్లీటబుల్ ఫ్యూచర్ అన్నా ఆ నమ్మకం తెగుతుంది. కొత్త థ్రెడ్‌కు పాత ట్రాన్సాక్షన్ కనిపించదు. బయట రోల్‌బ్యాక్ అయినా లోపల రాసింది ఉండిపోతుంది.

మావాడు ఒకసారి నెలాఖరు ఖాతాల రిపోర్ట్ నెమ్మదిగా వస్తోందని లిస్టును ఒకటొకటిగా నడిపే స్ట్రీమ్‌ను ప్యారలల్ స్ట్రీమ్ (పలు థ్రెడ్లు కలిసి నడిపేది) చేశాడు. కోడ్‌లో మారింది ఒక్క మాట. లోపల ప్రతి రైతు ఎంటిటీ నుంచి లాట్ల లిస్టు అడుగుతోంది, అది లేజీ, అంటే అడిగినప్పుడే డేటాబేస్ నుంచి చదివేది. లేజీ లిస్టు తనను చదివిన సెషన్‌ను గుర్తుపెట్టుకుంటుంది. ఏ థ్రెడ్ నుంచి అడిగినా పాత సెషన్ దగ్గరికే వెళ్తుంది. ఎనిమిది థ్రెడ్లు ఒకే సెషన్ మీద పడ్డాయి. ఒకసారి రిజల్ట్ సెట్ క్లోజ్ అయిందని ఎర్రర్, ఒకసారి కన్‌కరెంట్ మాడిఫికేషన్, మూడోసారి రిపోర్ట్ చక్కగా వచ్చేసింది. ఆ మూడోసారి రావడమే అన్నింటికంటే ప్రమాదం, దాన్ని చూసే సాయంత్రం డిప్లాయ్ చేశాడు. థ్రెడ్ దాటించాల్సి వస్తే ఎంటిటీని దాటించకూడదు, దాని ఐడీ దాటించాలి. అవతలి థ్రెడ్ తన సొంత ట్రాన్సాక్షన్‌లో మళ్లీ చదువుకుంటుంది. నిజానికి ఆ రిపోర్ట్‌కు థ్రెడ్లే అక్కర్లేదు. రైతుకో క్వెరీ చొప్పున వందల క్వెరీలు పోతున్నాయి. రైతులనూ లాట్లనూ కలిపి తెచ్చే జాయిన్ ఫెచ్‌తో ఒక్క క్వెరీ చేస్తే రెండు సెకన్లలోపే వచ్చింది.

2023లో జావా 21తో వర్చువల్ థ్రెడ్లు వచ్చాక ఈ మధ్య "ఇక పూల్ గొడవ పోయినట్టే" అనే మాట వింటున్నాను. చౌకైంది థ్రెడ్. కనెక్షన్ ధర అలాగే ఉంది. అప్పుడు 200 మంది నిలబడే చోట ఇప్పుడు 20000 మంది నిలబడగలరు, కాంటాలు మాత్రం పదే.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాక కూడా మొన్న ఒక తక్‌పట్టీ తేడా వచ్చింది. ఒక షాపులో రెండు కౌంటర్లు. ఇద్దరు గుమస్తాలూ ఒకే లాట్ తెరిచారు. ఒకాయన తూకం దిద్దాడు, ఇంకొకాయన రేటు దిద్దాడు. ఎవరి థ్రెడ్ వారిది, ఎవరి కనెక్షన్ వారిది, ఎవరి ట్రాన్సాక్షన్ వారిది, రెండూ నిక్షేపంగా కమిట్ అయ్యాయి. కానీ హైబర్నేట్ మామూలుగా అప్‌డేట్‌లో అన్ని కాలమ్‌లనూ రాస్తుంది, రెండో ఆయన స్క్రీన్‌లో పాత తూకమే ఉంది. దిద్దిన తూకం మీద పాత తూకం ఎక్కి కూర్చుంది. ఇది థ్రెడ్ల తప్పు కాదు, పూల్ తప్పూ కాదు. ఎంటిటీలో వెర్షన్ కాలమ్ ఒకటి పెట్టి, స్క్రీన్‌తో పాటు ఆ అంకెను కూడా తిప్పి పంపించాం. చదివినప్పటి వెర్షన్ ఇప్పుడు లేకపోతే సేవ్ ఆగిపోతుంది. "ఈ లాట్‌ను ఇంకొకరు మార్చారు, మళ్లీ తెరవండి" అని మెసేజ్ పెట్టాం. మొదటి రోజే గుమస్తా ఫోన్ చేశాడు. "సార్, ఇంకొకరు అంటే ఎవరు? పేరు గూడ రాయిండ్రి, ఇక్కడ కొట్లాట అయితాంది."